కిటికీ అద్దానికి చెమట పడితే

మార్గశిర, పుష్య మాసాలలో బెంగళూరులోగాని, నీలగిరి కొండలమీద ఊటీ, కూనూరులలోగాని కాపురమున్నవారికి ఇది తెలిసిన సంగతే. తెల్లవారి లేచి చూస్తే పడకగది కిటికీ అద్దం మసకబారి ఉంటుంది. వేలితో రాస్తే గీత పడుతుంది. ఆ గీత వెంట నీరు జారి కింద చట్రంలో చేరుతుంది. చెన్నైలో, ముంబయిలో, యానాంలో ఉన్నవారు ఏ.సి. పెట్టిన గది కిటికీకి ఇలాగే నీరు పట్టడం చూస్తారు. బళ్ళారి, షోలాపురం వంటి పొడి ప్రదేశాలలో ఈ బాధ తక్కువ.

చాలామంది పాతగుడ్డతో తుడిచి ఊరుకుంటారు. మరునాడు మళ్ళీ అంతే. తుడవడం మంచిదే. కాని తుడిచేముందు ఒక ప్రశ్న వేసుకోవలె: ఈ నీరు అద్దానికి ఏ పక్కన ఉన్నది? లోపలనా, బయటనా? చేయవలసిన పని ఆ జవాబును బట్టి ఉంటుంది.

నీరు ఎక్కడిది?

మట్టికూజా పైన తడి కనిపిస్తే, లోపలి నీరే ఊరి బయటికి వచ్చిందని మనకు తెలుసు. మరి చల్లని మజ్జిగ పోసిన స్టీలు గ్లాసు సంగతి ఏమిటి? స్టీలులోనుంచి మజ్జిగ ఊరదు గదా! ఆ నీరు గాలిలోనిది. కిటికీ అద్దంమీది నీరు కూడ అటువంటిదే.

గాలి వేడిగా ఉంటే ఎక్కువ ఆవిరిని మోయగలదు, చల్లబడితే మోయలేదు. 30 డిగ్రీల వేడిలో ఒక ఘనమీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటిఆవిరిని పట్టి ఉంచగలదు. 20 డిగ్రీలకు దిగితే ఆ శక్తి 17 గ్రాములకు తగ్గుతుంది. మోయలేని మిగులు బరువును గాలి ఎక్కడ చల్లగా ఉంటే అక్కడ దించివేస్తుంది. ఇంట్లో అన్నిటికంటె త్వరగా చల్లబడేది పలుచని కిటికీ అద్దం కనుక మొదట నీరు పట్టేది దానికే. మంచు ఆకాశంనుంచి రాలి పడుతుందని పూర్వం అనుకునేవారు. విలియం చార్లెస్ వెల్స్ అనే వైద్యుడు 1814లో లండనులో ప్రకటించిన గ్రంథంలో, రాత్రివేళ చల్లబడిన వస్తువులమీద గాలిలోని ఆవిరే మంచుబిందువులుగా మారుతుందని నిరూపించాడు.

నీరు లోపలి పక్కన ఉంటే

అది మన ఇంట్లో పుట్టిన ఆవిరి. ఎంత పుడుతుందో లెక్క చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఒక కిలో వంటగ్యాసు మండితే సుమారు ఒకటిన్నర లీటరు నీరు ఆవిరై గాలిలో కలుస్తుంది. 14.2 కిలోల సిలిండరు అయిపోయేసరికి 22 లీటర్ల పైచిలుకు! అన్నం ఉడికేటప్పుడు, ఇడ్లీ పెట్టినప్పుడు వచ్చే ఆవిరి దీనికి అదనం. తలుపులు మూసిన గదిలో నలుగురు పడుకుంటే వారి ఊపిరినుంచి, ఒంటినుంచి తెల్లవారేలోగా లీటరు నీరైనా గాలిలో చేరుతుంది. వానకాలంలో హాలులో దండెం కట్టి బట్టలు ఆరవేస్తే, వాటిలోని నీరు ఎక్కడికీ పోదు, మన ఇంటి గాలిలోకే వస్తుంది.

మన పెద్దల మండువా ఇళ్ళలో నడిమి వాకిలి ఆకాశానికి తెరిచి ఉండేది. వంటింటి ఆవిరి పెంకుల సందులగుండా పోయేది. నేటి ఫ్లాటులో ఆ సందులు లేవు. పైగా దోమలకు భయపడి పొద్దుగూకక ముందే కిటికీలన్నీ బిగిస్తున్నాము. ఆవిరి మరి ఎటు పోవలె?

ఉపాయాలు కష్టమైనవి కావు. గిన్నెలమీద మూత పెట్టి వండవలె. వంటింటి ఎగ్జాస్టు ఫ్యాను పొయ్యి వెలిగించగానే వేసి, వంట అయిన తరువాత కూడ పావుగంట తిరగనివ్వవలె. ఆ సమయంలో వంటింటి తలుపు దగ్గరగా వేసి ఉంచితే ఆవిరి పడకగదులలోకి పోదు. కిటికీలకు దోమల జాలీ బిగించుకుంటే రాత్రి కొంచెం తెరిచి ఉంచడానికి భయం ఉండదు. తడిబట్టల దండెం బాల్కనీలో ఉండవలె. తెల్లవారగానే ఎదురెదురు కిటికీలు పది నిమిషాలు తెరవవలె.

‘బయట అంత మంచు పడుతూ ఉంటే కిటికీ తెరవడం ఏమిటండీ?’ అని కొందరు అడుగుతారు. 14 డిగ్రీల బయటిగాలి ఎంత చెమ్మగా కనిపించినా, అందులో ఘనమీటరుకు 12 గ్రాములకు మించి ఆవిరి ఉండదు. అదే గాలి ఇంట్లోకి వచ్చి 22 డిగ్రీలకు వేడెక్కితే 19 గ్రాములు మోయగలదు. అంటే, అది మన ఇంటి చెమ్మను తాగి తీసుకొనిపోతుంది.

ప్రాణంమీదికి వచ్చే సంగతి

చలికాలంలో స్నానాలగదిలో గ్యాసు గీజరు పెట్టి, చలిగాలి వస్తుందని కిటికీ మూసివేయడం చాలా ప్రమాదం. గ్యాసు మండినప్పుడు గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తల తిరిగి, లేవలేక, తలుపు గడియ తీసే శక్తి కూడ లేకుండానే మనిషి పోవచ్చును. ఆవిరి పోవడానికి దారిలేని గదిలో ఆ విషానికి కూడ దారి ఉండదు. గీజరును స్నానాలగదికి వెలుపల, గాలి ఆడే చోటనే బిగించుకోవలె. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రపోవడం కూడ ఇంత అపాయమే.

నీరు బయటి పక్కన ఉంటే

ఇది సముద్రతీరపు ఊళ్ళ సంగతి. వాన వెలిసిన రాత్రి చెన్నైలో బయటిగాలి 28 డిగ్రీల వేడితో, నూటికి తొంభైపాళ్ళ తేమతో ఉన్నదనుకుందాము. ఆ గాలి 26 డిగ్రీలు ఉన్న వస్తువు తగిలితే చాలు, నీరు విడుస్తుంది. లోపల ఏ.సి. 18 మీద పెడితే అద్దం అంతకంటె చల్లబడి, బయటి పక్కన కారడం మొదలు పెడుతుంది.

ఇక్కడ కిటికీ తెరవడం మందు కాదు. తెరిస్తే ఆ తడిగాలి లోపలికి వచ్చి చల్లని గోడలమీద కూడ నీరు పెడుతుంది. ఏ.సి. ఆపిన వెంటనే కిటికీలు బార్లా తీయకుండా, గోడలు కాస్త వేడెక్కనివ్వవలె. ఏ.సి. గాలి సూటిగా అద్దానికి తగలకుండా రెక్కలు తిప్పవలె. 24, 26 డిగ్రీల మధ్య పెట్టుకుంటే చాలావరకు ఈ నీరు ఆగుతుంది, కరెంటు ఖర్చు కూడ తగ్గుతుంది. 2020 జనవరినుంచి మనదేశంలో స్టారు గుర్తు గల గది ఏ.సి.లు 24 డిగ్రీల అమరికతోనే రావలెనన్న నియమం ఉన్నది.

రెండు అద్దాల కిటికీ ఉన్నవారికి అద్దాల నడుమ మసక కనిపిస్తే, అంచుల బిగింపు చెడిందని అర్థం. తుడిస్తే పోదు. ఆ అద్దాల జతనే మార్పించవలె.

చెమ్మను ఉపేక్షిస్తే

నీరు చట్రంలో నిలిస్తే కర్ర ఉబ్బి కుళ్ళుతుంది. అల్యూమినియం కిటికీ అయితే కింది గాడిలో నీరు పోయే చిన్న రంధ్రాలు ఉంటాయి. దుమ్ముతో పూడుకొనిపోతే పుల్లతో తీసి శుభ్రం చేయవలె. చెమ్మ చాలాకాలం నిలిచినచోట నల్లని బూజు పుడుతుంది. చెమ్మ, బూజు ఉన్న ఇళ్ళలో దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసం ఎక్కువగా కనిపిస్తున్నవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ప్రకటించిన సూచనలలో చెప్పింది. పసిపిల్లలు, వృద్ధులు పడుకునే గదిని ముందుగా చూసుకోవడం అందుకే.

బూజును పొడిగుడ్డతో దులపరాదు, అది గాలిలో లేస్తుంది. ముక్కుకు గుడ్డ కట్టుకొని, సబ్బునీటితో తడిపి తుడిచి, ఆ చోటు పూర్తిగా ఆరబెట్టవలె. బ్లీచింగు వాడేవారు దానిలో మరుగుదొడ్డి కడిగే ఆసిడ్‌ను ఎన్నడూ కలపరాదు. విషవాయువు పుడుతుంది.

బీరువాను గోడకు ఆనించకుండా నాలుగు వేళ్ళ సందు వదిలితే వెనుక గాలి ఆడుతుంది. కలరా ఉండలు పురుగును ఆపుతాయి కాని చెమ్మను ఆపలేవు. అమ్మమ్మ పట్టుచీర, తాతగారు ఊరినుంచి తెచ్చుకున్న తెలుగు పుస్తకాలు ఆ బీరువాలోనే ఉంటాయి. బూజు పట్టి పోతే అటువంటివి మనమున్న ఊళ్ళలో మరల కొనుక్కోగలిగినవి కావు. ఎండకాసిన పొడిరోజున వాటిని తీసి, నీడలో గాలికి పరచి, తిరిగి సర్దుకోవలె.

కనుక రేపు ఉదయం అద్దం మసకబారి కనిపిస్తే గుడ్డ తెచ్చేముందు వేలితో తాకి చూడండి. తడి లోపల ఉంటే ఆవిరికి దారి ఇవ్వండి. బయట ఉంటే ఏ.సి. చలి తగ్గించండి. ఆ తరువాత తుడవండి.