అట్లాంటిక్ దాటిన ఆమె, వెనక నడిచిన అతను

పోయిన సెలవుల్లో పిల్లల్ని షార్జాలోని అల్ మహట్టా మ్యూజియంకి తీసుకెళ్ళాం. 1932లో ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానాలు ఇండియాకి వెళ్ళే దారిలో ఆగడానికి కట్టిన విమానాశ్రయం అది. ఆ రోజుల్లో ఆడవాళ్ళెవరైనా విమానం నడిపేవారా అని మా అమ్మాయి అడిగింది. జవాబు వెతుకుతుంటే దొరికిన పుస్తకమే బెరిల్ మార్కమ్ ఆత్మకథ ‘వెస్ట్ విత్ ద నైట్’.

బెరిల్ 1902లో ఇంగ్లండ్‌లో పుట్టింది. చిన్నతనంలోనే కెన్యా చేరింది. తల్లి తిరిగి వెళ్ళిపోతే, న్జోరోలో తండ్రి గుర్రాల మధ్య, నంది తెగ పిల్లలతో కలిసి పెరిగింది. ముందు గుర్రాలకు శిక్షణ ఇచ్చింది, తర్వాత పైలట్ అయింది.

1936 సెప్టెంబర్ 4న ఇంగ్లండ్ నుంచి ఒంటరిగా, ఎదురుగాలిలో అట్లాంటిక్ మీదుగా పడమరకు బయల్దేరింది. 21 గంటలకు పైగా ఎగిరాక కెనడా తీరంలోని బురదనేలలో విమానం కూలింది. ప్రాణాలతో బయటపడింది. ఇంధనం ట్యాంకుకు గాలి అందే గొట్టంలో మంచు గడ్డకట్టడమే కారణమంటారు. నూనె డబ్బాకి ఒకటే చిల్లు పెడితే నూనె సరిగ్గా కారదు కదా, ఇదీ అంతే!

పుస్తకం 1942లో వచ్చింది. త్వరలోనే మరుగున పడి, మళ్ళీ 1983లో అచ్చయి పేరు తెచ్చుకుంది. అసలు రాసింది ఆమె మూడో భర్తేనన్న వాదం కూడా ఉంది. చిత్రమేమిటంటే, ఇందులో పెళ్ళిళ్ళ ఊసు లేదు, కొడుకు ఊసూ లేదు. వీసాలో ‘హౌస్‌వైఫ్’ అని రాయించుకున్న బీఎస్సీ ఫిజిక్స్ దాన్ని, నాకది భలే నచ్చింది.

కానీ ఒకచోట ఆగిపోయాను. చిన్నప్పుడు కలిసి ఆడుకున్న కిబీ, పెద్దయ్యాక అరప్ రూటాగా ఆమె దగ్గరే పనికి వస్తాడు. ఒకప్పుడు పక్కన నడిచినవాడు ఇప్పుడు వెనక నడుస్తాడు. బెరిల్‌కి ఆ తేడా తెలుసు, బాధా ఉంది. అయినా అతన్ని ముందుకు రమ్మని పిలవదు. వలస రాజ్యం గురించి ఆ పుస్తకంలో నాకు అన్నిటికన్నా ఎక్కువ చెప్పింది ఆ నడకే.

మా ఇంటికి పనికొచ్చే ఆవిడది కడప జిల్లా. మాదీ అదే. నాకన్నా పదేళ్ళు పెద్ద. ఊళ్ళో అయితే ‘అక్కా’ అనేదాన్ని. ఇక్కడ మాత్రం ఆవిడ నన్ను ‘మేడమ్’ అంటుంది, నేను పేరు పెట్టి పిలుస్తాను. మూడేళ్ళుగా ఇదే వరస. నాకెప్పుడూ తప్పనిపించలేదు.

మొన్న ‘అక్కా, టీ తాగుదాం రా’ అన్నాను. కాసేపు తటపటాయించి నా ఎదుట కుర్చీలో కూర్చుంది. ప్రొద్దుటూరు ఎండల గురించి, ఆవిడ కూతురి ఇంటర్ చదువు గురించి మాట్లాడుకున్నాం. వెళ్ళేటప్పుడు అలవాటుగా ‘వస్తా మేడమ్’ అంది. ఆ మాట పోవడానికి ఇంకా ఎన్ని టీలు కావాలో!