ఈ-రీడర్ కొనేముందు మీరు చదివే పుస్తకాన్ని చూడండి

"కిండిల్ లాంటిది ఒకటి కొంటే పనికొస్తుందా?" అని మన పరకాలలో పిల్లల తల్లిదండ్రులే కాదు, చూపు మందగించిన పెద్దలూ అడుగుతున్నారు. పరికరాన్ని చూసి ఆ మాట చెప్పలేం. ఏ భాషలో, ఎలాంటి పుస్తకం చదువుతారో తెలిస్తేనే చెప్పగలం.

ఈ-రీడర్ తెర ఫోన్ తెర లాంటిది కాదు. అందులో నలుపు, తెలుపు రేణువులు కదిలి అక్షరాలుగా నిలబడతాయి. ప్రధానంగా పేజీ మారినప్పుడే కరెంటు ఖర్చు కాబట్టి, ఒకసారి చార్జి చేస్తే వారాల తరబడి నడుస్తుంది. ఎండలోనూ కాగితంలాగే కనబడుతుంది. ఇంగ్లీషు నవలలు, ఇంగ్లీషులో వచ్చిన సీరత్ గ్రంథాలు చదివేవారికి 6 అంగుళాల పరికరం చాలు. అక్షరం ఎంత పెద్దది చేసినా వాక్యాలు వాటంతటవే సర్దుకుంటాయి.

చిక్కంతా తెలుగు, ఉర్దూల దగ్గరే. 2016లో అమెజాన్ హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలను కిండిల్‌లోకి తెచ్చింది. ఆ ఐదింటిలో తెలుగు లేదు. మనకు దొరికే పాత తెలుగు పుస్తకాలు చాలావరకు పేజీలను ఫొటో తీసినట్టు స్కాన్ చేసిన పిడిఎఫ్‌లు. ఇక అను ఫాంట్లలో డిటిపి చేసినవాటిని ఈ-పుస్తకంగా మార్చబోతే అక్షరాలు అర్థంకాని గీతలవుతాయి. ఉర్దూ అయితే కొన్ని పరికరాల్లో అరబీ నస్ఖ్ లిపిలో కనబడుతుంది. నస్తలీఖ్‌కు అలవాటుపడ్డ కంటికి అది ఓ పట్టాన మింగుడుపడదు.

పిడిఎఫ్‌లో అక్షరం సర్దుకోదు, పేజీ మొత్తం కుంచించుకుపోతుంది. 6 అంగుళాల తెర వెడల్పు సుమారు 9 సెంటీమీటర్లు, ఎత్తు 12. ఎ4 పేజీ అందులో పట్టాలంటే దాదాపు 40 శాతానికి తగ్గాలి. 12 పాయింట్ల అక్షరం 5 పాయింట్లయిపోతుంది. అడ్డంగా తిప్పి సగం సగం పేజీ చదవొచ్చు గానీ, నాలుగు రోజుల్లో విసుగొస్తుంది. స్కాన్ పుస్తకాలే ఎక్కువగా చదివేవారు 10 అంగుళాల తెరకే వెళ్లాలి. ధర రెండింతలు దాటినా సరే. అంత పెట్టలేకపోతే చిన్నది కొనకండి, మామూలు ట్యాబ్ నయం.

పోటీ పరీక్షల పిల్లలకూ నా సలహా ట్యాబే. రంగుల మ్యాపులు, పట్టికలు, వీడియో పాఠాలు నలుపు తెలుపు తెర మీద సాగవు.

ఖుర్ఆన్ సంగతి వేరు. హిఫ్జ్ చేసే పిల్లల కంటికి ఆయత్ పేజీలో ఏ మూల ఉందో కూడా గుర్తుంటుంది. అక్షరం పెద్దది చేయగానే పంక్తులు జరిగిపోయే ఈ-పుస్తకం వాళ్లను తికమకపెడుతుంది. వాళ్లు వాడే 15 పంక్తుల ముస్హఫ్ పేజీలు ఉన్నవి ఉన్నట్టుగా ఉన్న ఫైల్ కావాలి. జబర్, జేర్, పేష్‌లు స్పష్టంగా కనబడుతున్నాయో లేదో హాఫిజ్ సాహెబ్‌కు చూపించాకే పిల్లల చేతికివ్వండి.

దానంగా పుస్తకాలివ్వాలనుకునే దాతలు ఇంకొక విషయం తెలుసుకోవాలి. కాగితం పుస్తకాన్ని కొన్నాక అది మీది. మదర్సాకిచ్చినా, లైబ్రరీకి వక్ఫ్ చేసినా అడిగేవారు లేరు. ఆన్‌లైన్ దుకాణంలో కొన్న ఈ-పుస్తకం చాలావరకు మీ ఖాతాకు కట్టేసిన చదువుకునే అనుమతి మాత్రమే. 2009 జూలైలో అమెజాన్ జార్జ్ ఆర్వెల్ నవలలు రెండింటిని పాఠకుల కిండిళ్లలోంచి దూరం నుంచే తుడిచేసి, డబ్బు వాపసిచ్చింది. కాబట్టి పదిమంది చేతులు మారాల్సిన పాఠ్యపుస్తకాలకు సదఖా డబ్బు కాగితం మీదే పెట్టండి. ఇవ్వదలిస్తే కాపీహక్కు తీరిన పుస్తకాలు, రచయితలే ఉచితంగా ఇచ్చినవి నింపి పరికరం ఇవ్వవచ్చు.

ఇంకా సందేహంగా ఉంటే, దుకాణానికి వెళ్లకుండానే తేల్చుకునే దారి ఒకటుంది. మీరు చదవాలనుకున్న ఎ4 పిడిఎఫ్‌లోంచి ఒక పేజీని ప్రింటు సెట్టింగుల్లో స్కేల్ 40 శాతం పెట్టి తీయించండి. అది చిన్న పరికరం. అదే పేజీని 70 శాతానికి తీయించండి. అది 10 అంగుళాలది. ఆ రెండు కాగితాలూ చదవబోయే మనిషికిచ్చి, ఇంట్లో ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చోబెట్టి, ఒక్కోదాంట్లో ఒక పేరా చదవమనండి.