తుపాను సీజన్‌కి ముందే చైన్ సా

హ్యూస్టన్‌లో ఉండే మనవాళ్లు 2024ని అంత తేలిగ్గా మర్చిపోరు. మే 16న డెరెచో గాలులు, జులై 8న బెరిల్ తుపాను. బెరిల్ దెబ్బకి 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. ఏ వీధి చూసినా విరిగిపడ్డ ఓక్ కొమ్మలే. చెట్లు కొట్టేవాళ్లకు ఫోన్ చేస్తే ఎప్పుడొస్తారో చెప్పలేని పరిస్థితి. అప్పటి నుంచి మిత్రులు నన్ను అడిగేది ఒకటే: "అన్నా, గ్యాస్‌దా, బ్యాటరీదా?"

మామూలు సబ్‌డివిజన్ ఇల్లయితే బ్యాటరీదే అంటాను. గ్యాస్ రంపానికి ఉండేది టూ స్ట్రోక్ ఇంజిన్. పాత బజాజ్ చేతక్‌కి బంకులో ఆయిల్ కలిపి పోయించుకున్న రోజులు గుర్తున్నాయా? అదే సంగతి. ఇప్పటి రంపాలు చాలావాటికి 50:1, అంటే గాలన్‌కి 2.6 ఔన్సుల ఆయిల్. గ్యాస్‌లో ఇథనాల్ 10 శాతం మించకూడదు. ఏడాదికోసారి వాడి, మిగిలిన గ్యాస్‌తో అలాగే గరాజ్‌లో పెట్టేస్తే కార్బురేటర్‌లో జిగురు కడుతుంది. తీరా అవసరమైన రోజు తాడు ఎంత లాగినా స్టార్ట్ అవదు.

బ్యాటరీకీ ఒక చిక్కుంది. కరెంటు లేనప్పుడు ఛార్జింగ్ ఎలా? అందుకే రెండు బ్యాటరీలు కొని, తుపాను కబురు రాగానే రెండూ నింపి పెట్టుకోవాలి. లాన్ మోవర్ కంపెనీదే తీసుకుంటే ఒకే బ్యాటరీ రెండింటికీ పనికొచ్చే అవకాశం ఉంటుంది. ఎకరాల్లో చెట్లున్నవాళ్లకు మాత్రం గ్యాసే.

బార్ 14 నుంచి 16 అంగుళాలు చాలు. 20 అంగుళాలది చూడ్డానికి బాగుంటుంది, చేతులు లాగేస్తాయి! స్టిల్, హస్క్‌వర్నా, ఎకో... పేరు ఏదైనా, దగ్గర్లో రిపేరు చేసే డీలర్ ఉన్నాడా అన్నది నేను ముందు చూస్తాను. బ్యాటరీ రంపానికైనా బార్ ఆయిల్ తప్పదు. కోస్తుంటే చెక్క పెచ్చులుగా రాలాలి. పిండిలా రాలుతోందంటే గొలుసు మొద్దుబారినట్టే.

అసలు భయపడాల్సింది కిక్‌బ్యాక్‌కి. బార్ కొన పైభాగం దేనికైనా తగిలితే రెప్పపాటులో రంపం ముఖం మీదకి ఎగురుతుంది. చైన్ బ్రేక్, తక్కువ కిక్‌బ్యాక్ గొలుసు ఉన్నదే కొనండి. హెల్మెట్, కళ్లజోడుతో పాటు కాళ్లకు చాప్స్ కూడా కొనాలి. గొలుసు తగిలితే వాటిలోని పీచు చుట్టుకుని రంపాన్ని ఆపేస్తుంది. అయితే అన్ని చాప్స్ బ్యాటరీ రంపాన్ని ఆపలేవు, లేబుల్ చూసి తీసుకోండి. నిచ్చెనెక్కి కోయడం, భుజాలకన్నా పైకెత్తి కోయడం వద్దే వద్దు.

కరెంటు తీగ మీద పడ్డ చెట్టు జోలికి అసలు వెళ్లొద్దు, కరెంటు కంపెనీకి చెప్పండి. ఇంటి కప్పు మీద వాలినదాన్ని చెట్లవాళ్లకే వదిలేయండి. పని మొదలెట్టే ముందు వాళ్ల ఇన్సూరెన్స్ కాగితం అడిగి చూడండి.