పొలిమేరకు వచ్చు మెట్రో రైలు: పంచాయతీలు చేయవలసిన పని

హైదరాబాదు మెట్రో రైలు మార్గమును శివారు ప్రాంతములకు పొడిగించుటకై 2024లో రాష్ట్ర మంత్రివర్గము ఒక ప్రణాళికను ఆమోదించి కేంద్ర ప్రభుత్వమునకు పంపినది. అందులో ఐదు మార్గములు, 76.4 కిలోమీటర్ల దారి కలవు. ఒక మార్గము శంషాబాదు విమానాశ్రయమునకు, ఒకటి పటాన్‌చెరువునకు, మరియొకటి హయత్‌నగరునకు పోవును. ఇవి యన్నియు ఒకప్పుడు పల్లెసీమలే. రైలుదారి ఏ దిక్కునకు సాగునో ఆ దిక్కున నున్న గ్రామములలో భూముల ధరలు, రాకపోకలు, జీవనోపాధులు మారును. కావున ఈ రైలు ఎట్టిది, దీనివలన గ్రామమునకు కలుగు లాభనష్టము లెవ్వి యను సంగతులను పంచాయతీ సభ్యులు ముందుగనే తెలిసికొనుట యుక్తమని తలచి ఇచట వివరించుచున్నాము.

ఇంతవరకు జరిగిన పని

ఈ నగరమున మెట్రో రైలు 2017 నవంబరు 28వ తేదీన ప్రారంభింపబడినది. ఆనాడు నాగోలు నుండి అమీర్‌పేట మీదుగా మియాపూరు వరకు 30 కిలోమీటర్ల దారి సిద్ధమైనది. 2018లో ఎల్.బి. నగరు వరకును, 2019లో రాయదుర్గము వరకును రైళ్ళు నడిచినవి. 2020 ఫిబ్రవరిలో జూబిలీ బస్సు స్టేషనునకును మహాత్మాగాంధీ బస్సు స్టేషనునకును నడుమ మూడవ మార్గము తెరువబడినది. మూడు మార్గములును కలిసి సుమారు 69 కిలోమీటర్లు; స్టేషన్లు 57.

సాధారణమైన రైలు నేలమీద నడచును. అది రోడ్డును దాటునపుడు గేటు వేయవలెను. ఈ మెట్రో రైలు అట్లు గాక, రోడ్డు నడుమ నిలిపిన స్తంభములపై కట్టిన వంతెన మీద నడచును. వంతెన భాగములను ఉప్పలు, కుత్బుల్లాపూరులలోని యార్డులలో ముందుగా పోతపోసి, పెద్ద బండ్లమీద తెచ్చి, ఒకదాని ప్రక్క నొకటి చేర్చి ఇనుప తీగలతో బిగించిరి. రైలుకు పైనున్న తీగ నుండి 25,000 వోల్టుల విద్యుచ్ఛక్తి అందును. బ్రేకు వేసినపుడు కొంత విద్యుత్తు తిరిగి ఉత్పత్తి యగును. రైళ్ళ మధ్య దూరమును రేడియో సంకేతముల ద్వారా యంత్రములే లెక్కించుచుండును గనుక కొలది నిమిషములకొక రైలు నడుపుట సాధ్యమగుచున్నది.

భూమి ఎచట కావలెను?

దారి రోడ్డు నడుమనే పోవును గనుక దానికి భూమి అక్కరలేదని కొందరు తలంతురు. అది పూర్తిగా నిజము కాదు. రోడ్డు ఇరుకైన చోట వెడల్పు చేయవలెను. స్టేషను మెట్లకును, వాహనములు నిలుపుటకును స్థలము కావలెను. అన్నిటికంటె ఎక్కువ భూమి రైళ్ళను నిలిపి మరమ్మతు చేయు డిపోకు కావలెను. ఉప్పలులోను మియాపూరులోను ఒక్కొక్క డిపోకు సుమారు నూరేసి ఎకరములు పట్టినది. అంత స్థలము నడినగరమున దొరకదు; మార్గము చివరనే దొరకును. అనగా రైలు చివరకు చేరు ఊరు సౌకర్యము పొందు ఊరు మాత్రమే కాదు, భూమి నిచ్చు ఊరు కూడ కావచ్చును.

పరిహారపు లెక్క

మెట్రో నిర్మాణమునకు 1978 నాటి ప్రత్యేక చట్టము కలదు. ఆ చట్టము క్రింద భూమి తీసికొన్నను, 2013 భూసేకరణ చట్టములోని పరిహార నిబంధనలు దానికి వర్తించునని 2015లో కేంద్ర ప్రభుత్వము ఉత్తరువు చేసినది. ఆ నిబంధనల ప్రకారము మొదట మార్కెటు విలువ నిర్ణయింతురు. రిజిస్ట్రేషనుకై ప్రభుత్వము నిర్ణయించిన విలువ ఒకటి. అంతకు ముందు మూడేండ్లలో ఆ ప్రాంతమున జరిగిన అమ్మకములలో ఎక్కువ ధర పలికిన సగము దస్తావేజుల సగటు మరియొకటి. ఈ రెంటిలో ఏది ఎక్కువైన దానిని గ్రహింతురు. గ్రామ ప్రాంతమున ఆ విలువను 1 నుండి 2 వరకు రాష్ట్రము నిర్ణయించిన గుణకముచే హెచ్చింతురు. దానిపై నూటికి నూరు వంతున సొలేషియము చేర్తురు.

ఒక ఉదాహరణ చూపెదము. ఎకరము విలువ 10 లక్షలు, గుణకము ఒకటిన్నర అనుకొందము. అపుడు 15 లక్షలు. సొలేషియముతో 30 లక్షలు. కాని స్టాంపు ఖర్చు తగ్గునను ఆశతో గ్రామస్థులు దస్తావేజులలో సగము ధరనే వ్రాయించియుండి, ప్రభుత్వ విలువయు అంతకు మించనిచో, అదే ఎకరమునకు 15 లక్షలే వచ్చును. నేడు మిగిలినదని తలచిన కొలది సొమ్ము రేపు పొరుగు రైతుకు సహితము లక్షల నష్టము తెచ్చును. గ్రామము పట్టణములో కలిసినచో గుణకము ఒకటియే యగునను సంగతి కూడ గుర్తుంచుకొనవలెను.

భూమి లేనివారి మాటయు మరువరాదు. సేకరణకు ముందు మూడేండ్లుగా ఆ భూమిపై ఆధారపడి బ్రతుకుచున్న కౌలుదార్లను, వ్యవసాయ కూలీలను ఈ చట్టము బాధిత కుటుంబములుగా గుర్తించినది. కాని వారి పేర్లు కాగితములలో కానరావు. ఎవరు ఎవరి పొలము దున్నుచున్నారో చెప్పగలిగినది ఊరే.

స్టేషనునకు త్రోవ

2017 నాటి జాతీయ మెట్రో రైలు విధానము ప్రతి స్టేషనునకు ఇరుప్రక్కల 5 కిలోమీటర్ల వరకు బస్సులు, కాలిబాటలు, సైకిలు త్రోవలు మున్నగు సౌకర్యములు కల్పించు బాధ్యతను రాష్ట్రములపై నుంచినది. కూరగాయల బుట్టతో తెల్లవారుజామున బయలుదేరు స్త్రీకి, కళాశాలకు పోవు విద్యార్థికి ఈ అయిదు కిలోమీటర్లే ముఖ్యము. అవి దాటలేనిచో ఆకాశమున పోవు రైలు వారికి చూచుటకే గాని ఎక్కుటకు కాదు.

ఇప్పుడే చేయదగినవి

మార్గము ఖాయమగువరకు పంచాయతీలు వేచియుండ నక్కరలేదు. మొదటిది, ప్రతి రైతు పాసు పుస్తకములోని విస్తీర్ణము, సర్వే నంబరు సరిగా నున్నవో లేవో చూచుకొనునట్లు చేయవలెను. రెండవది, కౌలుదార్ల, కూలీల జాబితాను గ్రామసభలో చదివి తీర్మానముగా వ్రాయవలెను. మూడవది, బండ్లబాటలు, చెఱువు శిఖములు, కాలువలు, శ్మశానము మున్నగు ఉమ్మడి స్థలములకు హద్దులు వేయించవలెను. ధరలు పెరిగిన పిమ్మట మొదట మాయమగునవి ఇవియే. నాలుగవది, మెట్రో వచ్చుచున్నదని ప్రకటించి అనుమతి లేని ప్లాట్లు అమ్మువారిని గూర్చి ప్రజలను హెచ్చరించవలెను. అయిదవది, ఊరి నుండి ప్రధాన రహదారికి పోవు త్రోవను వెడల్పు చేయుటకు, బస్సు నడుపుటకు ఇప్పటినుండియే తీర్మానములు పంపవలెను.

నోటీసు వచ్చిన తరువాత ఆక్షేపణ తెలుపుటకు దొరకు దినములు కొద్ది. కాగితములు సరిగా నున్న ఊరు ఆ కొద్ది దినములలోనే తన మాట చెప్పుకొనగలదు. రాబోవు గ్రామసభలో ఈ విషయములను చదివి వినిపింప సభ్యులను కోరుచున్నాము.