ప్రతి బూటూ మొదటి బూటే: పెన్‌డ్రైవ్ లినక్స్ ఎందుకు ఆలస్యంగా లేస్తుంది

నెల్లూరు తీరం కంప్యూటర్లకు కష్టమైన చోటు. మైపాడు, కృష్ణపట్నం, జువ్వలదిన్నె వైపు ఊళ్లలో సముద్రపు గాలి ఉప్పును, తేమను కలిపి మోసుకొస్తుంది. కనెక్టర్లకు చిలుం పడుతుంది, డిస్కులు జవాబివ్వడం మానేస్తాయి. తుపాను రోజుల్లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేలోగా నెల్లూరు జిల్లాలోనూ కుండపోతగా కురిసింది. ఇలాంటి చోట, డిస్కు పోయిన కంప్యూటర్‌ను మళ్లీ బడి పిల్లల ముందుకు తేవడానికి లైవ్ లినక్స్ ఇమేజ్ కంటే చవకైన దారి నాకు కనిపించలేదు. పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేస్తే చాలు. మధ్యలో కరెంటు పోయినా ఇమేజ్ చెడదు, ఎందుకంటే దానిమీద ఎవరూ ఏమీ రాయరు.

దారి కొత్తదేమీ కాదు. ప్రభుత్వ సంస్థ సీడాక్ 2007లో విడుదల చేసిన బాస్ లినక్స్, హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగులోకి తెచ్చిన లినక్స్ మనకు ముందున్న ఉదాహరణలు. బాస్‌కు పునాది డెబియన్. అదే డెబియన్ ఇచ్చే లైవ్-బిల్డ్ అనే పనిముట్టుతో తెలుగు ఫాంట్లు, తెలుగు కీబోర్డు, జీకాంప్రీ లాంటి పిల్లల ప్రోగ్రాములు కలిపి ఒక ఉపాధ్యాయుడు సొంత ఇమేజ్ తయారు చేసుకోవచ్చు. చిక్కల్లా తర్వాత వస్తుంది. తయారైన ఇమేజ్ తెర మీదకు రావడానికి నాలుగైదు నిమిషాలు తీసుకుంటుంది. నలభై నిమిషాల పీరియడ్‌లో అది చిన్న నష్టం కాదు. ఎదురుచూసి విసిగిన పిల్లలు కంప్యూటర్ అంటే ఇంతే అనుకుంటారు. అందుకే ఈ ఆలస్యాన్ని ఓపిగ్గా వెతికి తీసెయ్యడం అవసరమని నా నమ్మకం.

వెతికే ముందు లైవ్ ఇమేజ్ ఎలా నడుస్తుందో తెలియాలి. మొత్తం సిస్టమ్ స్క్వాష్‌ఎఫ్ఎస్ అనే ఒకే ఒక కుదించిన ఫైలులో ఉంటుంది, అది చదవడానికే తప్ప రాయడానికి పనికిరాదు. దానిమీద ఓవర్‌లే అనే పొర పరుస్తారు. నడుస్తున్నప్పుడు జరిగే మార్పులన్నీ ఆ పొరలోకి, అంటే ర్యామ్‌లోకి వెళ్తాయి. కంప్యూటర్ ఆపగానే ఆ పొర పోతుంది. మామూలు లినక్స్ మొదటి బూట్‌లో ఒక్కసారి చేసి వదిలేసే పనుల్ని, అంటే యూజర్‌ను సృష్టించడం, తాళాలు పుట్టించడం, భాషను తయారు చేయడం లాంటివాటిని, లైవ్ ఇమేజ్ రోజూ చేస్తుంది. మరోపక్క, తాను పుట్టిన కంప్యూటర్ గురించిన జ్ఞాపకాలు ఇమేజ్‌లో మిగిలిపోతే, ఇక్కడ లేని వస్తువుల కోసం రోజూ ఎదురుచూస్తుంది. ఆలస్యంలో పెద్ద వాటా సాధారణంగా ఈ రెంటిదే. కంప్యూటర్ పాతదని నింద వేసే ముందు ఈ రెండూ చూడాలి.

మొదటి పని, సమయం ఏ దశలో పోతోందో తేల్చుకోవడం. కంప్యూటర్ లేవగానే వచ్చే గ్రబ్ అనే బూట్‌లోడర్ మెనూలో బూట్ పంక్తిని తెరిచి క్వైట్, స్ప్లాష్ అనే రెండు మాటలు తీసెయ్యండి. అందమైన బొమ్మ పోయి అక్షరాలు పరుగెడతాయి. ప్రతి కెర్నల్ పంక్తి ముందూ సెకన్ల లెక్క ఉంటుంది. ఎక్కడ అంకె ఒక్కసారిగా ఎగిరిందో అక్కడే ఆలస్యం. డెస్క్‌టాప్ వచ్చాక టెర్మినల్‌లో సిస్టమ్‌డీ-ఎనలైజ్ ఇస్తే కెర్నల్‌కు ఎంత, యూజర్‌స్పేస్‌కు, అంటే ఆ తర్వాత లేచే సర్వీసులకు, ఎంత అని చెబుతుంది. ఇక్కడ చాలామంది తప్పుదారి పడతారు. డెబియన్‌లో తొలి ర్యామ్ డిస్కు, అంటే ఇనిట్‌ఆర్‌డీ, మామూలుగా ఆ సర్వీసుల్ని లేపే సిస్టమ్‌డీతో నడవదు. అందువల్ల అందులో గడిచిన సమయమంతా కెర్నల్ ఖాతాలో పడుతుంది. కెర్నల్ యాభై సెకన్లు తీసుకుందని కనిపిస్తే కెర్నల్ మార్చడానికి పరుగెత్తకండి. దాదాపు ఎప్పుడూ అది పెన్‌డ్రైవ్‌ను వెతికే స్క్రిప్టు సమయం. అలాగే పాత బయోస్ కంప్యూటర్లలో గ్రబ్‌కు పట్టిన సమయం ఈ లెక్కలో అసలు ఉండదు. దానికి చేతి గడియారమే దిక్కు. మెనూలో ఎంటర్ నొక్కిన క్షణం నుంచి కెర్నల్ మొదటి పంక్తి వచ్చేదాకా కొలవండి.

ఆ మొదటి దశే నిమిషం తింటుంటే కారణం సులువు. కెర్నల్‌ను, ఇనిట్‌ఆర్‌డీని ర్యామ్‌లోకి ఎక్కించేటప్పుడు గ్రబ్ బయోస్ ద్వారానే యూఎస్‌బీని చదువుతుంది. కొన్ని పాత బయోస్‌లు సెకనుకు ఒక మెగాబైటుకు మించి చదవవు. ఇనిట్‌ఆర్‌డీ అరవై మెగాబైట్లుంటే నిమిషం అక్కడే పోతుంది. ల్యాబ్‌లో లేని గ్రాఫిక్స్ కార్డుల ఫర్మ్‌వేర్ ఈ ఫైలును ఊరికే లావు చేస్తుంది. ఆ ప్యాకేజీలు తీసేసి ఇనిట్‌ఆర్‌డీని మళ్లీ కట్టండి.

తర్వాతి దశ అసలు గని. ఇనిట్‌ఆర్‌డీ లోపల లైవ్-బూట్ స్క్రిప్టు స్క్వాష్‌ఎఫ్ఎస్ ఉన్న చోటును వెతుకుతుంది. కనిపించిన డిస్కునల్లా తట్టి చూస్తుంది. లోపలి హార్డ్ డిస్కు చచ్చి బతుకుతున్నదైతే, మనకు దాంతో పని లేకపోయినా, కెర్నల్ దాన్ని గుర్తించాలని, చదవాలని ప్రయత్నిస్తూనే ఉంటుంది. డిస్కుకిచ్చిన ఒక్కో ఆజ్ఞకు కెర్నల్ మామూలుగా 30 సెకన్లు గడువిస్తుంది. అది విఫలమైతే లింకును రీసెట్ చేసి మళ్లీ అడుగుతుంది. ఇలా రెండు మూడు సార్లు జరిగితే రెండు నిమిషాలు ఎటు పోయాయో తెలియదు. తీరప్రాంతంలో లైవ్ ఇమేజ్ నెమ్మదిగా ఉందంటే నేను ముందు అనుమానించేది దీన్నే. నిర్ధారణకు ఖర్చు లేదు. కంప్యూటర్ ఆపి, లోపలి డిస్కు కేబుల్ పీకి, మళ్లీ బూట్ చేయండి. సమయం సగానికి పడిపోతే దొంగ దొరికినట్టే, ఆ కేబుల్‌ను అలాగే వదిలేయండి. డిస్కు బాగానే ఉండి వెతుకులాటే ఎక్కువవుతుంటే బూట్ పంక్తిలో లైవ్-మీడియా విలువగా రిమూవబుల్-యూఎస్‌బీ అని రాస్తే యూఎస్‌బీ పరికరాల్లో మాత్రమే వెతుకుతుంది. పెన్‌డ్రైవ్ పెట్టే రంధ్రానికి చిలుం పట్టినా ఇలాంటి లక్షణాలే ఉంటాయి. యూఎస్‌బీ పరికరం రీసెట్ అయిందన్న పంక్తి కెర్నల్ సందేశాల్లో పదేపదే వస్తుంటే, సాఫ్ట్‌వేర్‌ను వదిలి వేరే రంధ్రంలో పెట్టి చూడండి.

ఇన్‌స్టాల్ చేసి వాడుతున్న కంప్యూటర్‌ను యథాతథంగా నకలు తీసి లైవ్ ఇమేజ్ చేసినవారికి ఇంకో ఉచ్చు ఉంది. ఆ కంప్యూటర్‌లోని స్వాప్ విభాగం గుర్తింపు సంఖ్య ఇనిట్‌ఆర్‌డీలో నిద్ర నుంచి లేవడానికని రాసి ఉంటుంది. కొత్త చోట ఆ స్వాప్ ఉండదు. అయినా అరనిమిషం దాకా దానికోసం నిలబడుతుంది. ఇనిట్‌ఆర్‌ఏఎంఎఫ్ఎస్ అమరికల్లో రెజ్యూమ్ విలువను నన్ అని మార్చి, ఇనిట్‌ఆర్‌డీని తిరిగి కడితే ఆ నిరీక్షణ పోతుంది. బూట్‌లో తగిలించాల్సిన డిస్కుల జాబితా అయిన ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో పాత డిస్కు పంక్తి మిగిలి ఉంటే అది ఇంకా ఖరీదు. సిస్టమ్‌డీ లేని డిస్కు కోసం 90 సెకన్లు ఆగుతుంది. తెర మీద ఒకటిన్నర నిమిషం లెక్క కదులుతూ కనిపిస్తే ముందు ఎఫ్ఎస్‌ట్యాబ్ తెరవండి.

ఇక కుదింపు సంగతి. స్క్వాష్‌ఎఫ్ఎస్ 2009లో 2.6.29 కెర్నల్‌తో లినక్స్ లోపలికి వచ్చింది. డేటాను దిమ్మెలుగా కోసి ఒక్కో దిమ్మెను విడిగా కుదిస్తుంది. దిమ్మె పరిమాణం మామూలుగా 128 కిలోబైట్లు, గరిష్ఠంగా ఒక మెగాబైటు. దిమ్మె పెద్దదైతే ఇమేజ్ చిన్నదవుతుంది, కానీ అందులో నాలుగు కిలోబైట్లే కావాల్సినా మెగాబైటంతా విప్పాలి. ఒక్క జాకెట్టు కోసం చాకలి మూటంతా విప్పినట్టు. బూట్ సమయంలో జరిగేదంతా ఇలాంటి చిన్న చిన్న చదువులే. చాలా లైవ్ ఇమేజ్‌లు ఎక్స్‌జెడ్ కుదింపు వాడతాయి. అది డౌన్‌లోడ్‌కు చాలా మంచిది, పాత రెండు కోర్ల ప్రాసెసర్‌కు చాలా బరువు. 2017లో 4.14 కెర్నల్ నుంచి స్క్వాష్‌ఎఫ్ఎస్ జెడ్‌స్టాండర్డ్‌ను కూడా అర్థం చేసుకుంటోంది. దీనిలోని గొప్ప గుణం, ఎంత గట్టిగా కుదించినా విప్పే వేగం పెద్దగా తగ్గదు. కష్టమంతా ఇమేజ్ కట్టే కంప్యూటర్ ఒక్కసారి పడుతుంది. పిల్లల కంప్యూటర్లు రోజూ పడనక్కర్లేదు. ఇమేజ్ కొంత పెరుగుతుంది, ఆ పెరుగుదలను నేను సంతోషంగా ఒప్పుకుంటాను.

అయితే ఇది అన్ని చోట్లా గెలవదు. యూఎస్‌బీ 2.0 కాగితం మీద సెకనుకు 480 మెగాబిట్లు, ఆచరణలో ముప్పై మెగాబైట్ల చుట్టూ. నాసిరకం పెన్‌డ్రైవ్ చిన్న చదువుల్లో అంతకన్నా చాలా తక్కువ. ప్రాసెసర్ ఖాళీగా కూర్చుని పెన్‌డ్రైవ్ కోసం ఎదురుచూస్తుంటే కుదింపు మార్చినా లాభం లేదు, పెన్‌డ్రైవ్ మార్చాలి. వీఎమ్‌స్టాట్ నడిపి డెస్క్‌టాప్ తెరుచుకునేటప్పుడు చూడండి. నిరీక్షణ నిలువు పెద్దదైతే తప్పు పెన్‌డ్రైవ్‌ది, యూజర్, సిస్టమ్ నిలువులు నిండుగా ఉంటే కుదింపుది.

యూజర్‌స్పేస్‌లో అందరూ ముందు సిస్టమ్‌డీ-ఎనలైజ్ ఇచ్చే బ్లేమ్ జాబితా తీస్తారు. దాన్ని జాగ్రత్తగా చదవాలి. పైన ఉన్న సర్వీసు తాను నెమ్మదై ఉండకపోవచ్చు, మరొకదాని కోసం ఆగి ఉండవచ్చు. అదే పనిముట్టులోని క్రిటికల్-చెయిన్ ఇచ్చే గొలుసు ఎక్కువ నిజం చెబుతుంది. బడి ల్యాబుల్లో అందులో తరచుగా తేలేది నెట్‌వర్క్ నిరీక్షణ. స్విచ్‌కు కేబుల్ ఉంటుంది, కానీ అవతల ఐపీ అడ్రసు ఇచ్చే యంత్రం ఉండదు, ఇంటర్‌నెట్ ఉండదు. నెట్‌వర్క్‌మేనేజర్ వైపు నిరీక్షణ సర్వీసు నిమిషం దాకా, సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ వైపుది రెండు నిమిషాల దాకా ఆగుతుంది. నెట్ లేకుండా నడవాల్సిన ఇమేజ్‌లో ఈ సర్వీసును నిలిపేయడంలో ఏ నష్టమూ లేదు.

తెలుగు ఇమేజ్‌కు ప్రత్యేకమైన ఆలస్యం ఒకటుంది. బూట్ పంక్తిలో భాష తెలుగు అని రాస్తే లైవ్-కాన్ఫిగ్ ప్రతి బూట్‌లోనూ తెలుగు లొకేల్‌ను, అంటే భాషా అమరికల సమాచారాన్ని, కొత్తగా తయారు చేస్తుంది. పాత ప్రాసెసర్ మీద అది తెలిసేంత సమయం. ఇమేజ్ కట్టేటప్పుడే లొకేల్ తయారు చేసి ఉంచి, భాషను అమరికల ఫైలులో రాసి, బూట్ పంక్తి నుంచి ఆ మాట తీసెయ్యండి. ఫాంట్లదీ అదే కథ. పోతన, వేమన, లోహిత్ ఫాంట్లు పెట్టాక కాష్ తాజాగా లేకపోతే, తొలి గ్రాఫికల్ ప్రోగ్రాము తెరిచినప్పుడు మళ్లీ కట్టుకుంటుంది, రోజూ. ఇమేజ్ ముగించే ముందు ఎఫ్‌సీ-కాష్ నడపండి. మనకు అక్కర్లేని చైనా, జపాన్ ఫాంట్ల ప్యాకేజీలు తీసేస్తే పెన్‌డ్రైవ్ మీద కూడా భారం తగ్గుతుంది. ప్రతి బూట్‌లోనూ కొత్త యూజర్‌కు నకలయ్యే స్కెల్ ఫోల్డరులో బ్రౌజర్ ప్రొఫైల్ పెట్టినవారు దాని పరిమాణం ఒకసారి చూసుకోవాలి. రోజూ కొత్త తాళాలు పుట్టించుకునే ఎస్ఎస్‌హెచ్ సర్వరు పిల్లల ఇమేజ్‌లో అసలు ఎందుకు?

టూర్యామ్ అనే మాట గురించి కూడా చెప్పాలి. బూట్ పంక్తిలో అది ఉంటే స్క్వాష్‌ఎఫ్ఎస్ మొత్తం ముందే ర్యామ్‌లోకి వస్తుంది. 1.2 గిగాబైట్ల ఇమేజ్‌కు యూఎస్‌బీ 2.0 మీద నలభై సెకన్లు. బూట్ ఆలస్యమైనట్టు కనిపిస్తుంది గానీ ఆ తర్వాత ప్రోగ్రాములు చకచకా తెరుచుకుంటాయి, పెన్‌డ్రైవ్ తీసేయవచ్చు. ఒకే పెన్‌డ్రైవ్‌తో ల్యాబ్ అంతా లేపవచ్చు. పేద బడికి ఇది చిన్న వరం కాదు. ర్యామ్ నాలుగు గిగాబైట్లుంటే హాయి, రెండే ఉంటే బ్రౌజర్‌కు చోటు చాలదు.

పెన్‌డ్రైవ్ బదులు నెట్‌వర్క్ నుంచి లేపాలనుకుంటే ముందు లెక్క వేయండి. ముప్పై కంప్యూటర్లు టూర్యామ్‌తో ఒకేసారి లేస్తే 36 గిగాబైట్లు ప్రవహించాలి. సర్వరు నుంచి వచ్చే దారి వంద మెగాబిట్లదైతే, ఏ ఆటంకం లేకపోయినా, నలభై ఎనిమిది నిమిషాలు. పీరియడ్ అయిపోతుంది. గిగాబిట్ స్విచ్, గిగాబిట్ కేబుల్ అయితే ఐదు నిమిషాల చుట్టూ. టూర్యామ్ లేకుండా ఎన్ఎఫ్ఎస్ అనే నెట్‌వర్క్ ఫైలు పద్ధతి మీద నడిపితే కావాల్సినంతే వస్తుంది. కెర్నల్, ఇనిట్‌ఆర్‌డీలను టీఎఫ్‌టీపీతో పంపితే అది మామూలుగా 512 బైట్ల ముక్కకు ఒకసారి రసీదు కోసం ఆగుతుంది. ఐపీఎక్స్ఈ పెట్టి హెచ్‌టీటీపీతో పంపితే ఆ నత్తనడక ఉండదు.

ఒక్కో మార్పు తర్వాత ఒక్కసారి కొలవండి, రెండు మార్పులు కలపకండి. కొలిచేది ఇంట్లోని కొత్త ల్యాప్‌టాప్ మీద కాదు, వర్చువల్ మెషిన్‌లో అసలే కాదు. అక్కడ పాత బయోస్ ఉండదు, చచ్చిన డిస్కు ఉండదు, చిలుం పట్టిన రంధ్రం ఉండదు. ల్యాబ్‌లో అన్నిటికన్నా పాత కంప్యూటర్ దగ్గర కూర్చుని, కెర్నల్ సందేశాలను, వార్ లాగ్‌లో లైవ్ ఫోల్డరులోని బూట్ లాగ్‌ను ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి దించుకోండి. కంప్యూటర్ ఆపితే అవి కూడా ర్యామ్‌తో పాటే పోతాయి.