మెకెంజీ నది - దాని పేర్లు

కెనడా దేశపటంలో వాయవ్య భాగాన్ని పరిశీలిస్తే, గ్రేట్ స్లేవ్ అనే మహాసరస్సులో బయలుదేరి, 1,738 కిలోమీటర్లు ప్రవహించి, ఆర్కిటిక్ మహాసముద్రంలో కలిసే నది ఒకటి కనిపిస్తుంది. అదే మెకెంజీ. మన గోదావరి కంటె పొడవైనది. దాని పరీవాహక ప్రదేశం సుమారు 18 లక్షల చదరపు కిలోమీటర్లు; అనగా భారతదేశ వైశాల్యంలో సగానికి మించినది. అయినను ఆ నది ఒడ్డున వెలసిన ఊళ్ళను వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును.

ఈ పేరు ఎట్లా వచ్చినది? స్కాట్లండులో పుట్టిన అలెగ్జాండర్ మెకెంజీ బొచ్చుతోళ్ళ వర్తకుడు. పసిఫిక్ మహాసముద్రానికి దారి దొరకునేమోనన్న ఆశతో 1789లో ఈ నది వెంట పడవలలో దిగువకు సాగినాడు. దారి చూపినవారు స్థానికులే. తుదకు చేరినది మంచుగడ్డలు తేలే ఆర్కిటిక్ తీరం. పసిఫిక్‌ను ఆయన 1793లో వేరొక మార్గాన చేరినాడు. తాను కోరిన చోటికి చేర్చని నదికే ఆయన పేరు స్థిరపడినది.

కాని ఆ నది అంతకు ముందు పేరులేనిది కాదు. తీరవాసులైన దెనె జాతివారు దానిని ‘దేచో’ అంటారు. ‘దే’ అనగా నది, ‘చో’ అనగా పెద్ద. మనవారు ‘పెద్దేరు’ అన్నట్లే. సముద్రముఖాన నివసించే ఇనువియాలుయిట్ ప్రజల ‘కూక్‌పాక్’ అనే మాటకూ అదే అర్థం.

స్థానిక నామాలలో నదిని గూర్చిన తెలివి ఇమిడి ఉన్నది. లియర్డ్ నది వచ్చి కలిసే చోట ఫోర్ట్ సింప్సన్ అనే ఊరున్నది. దెనె భాషలో దాని పేరుకు ‘నదులు కలిసే చోటు’ అని అర్థం. ఆ కలయికయే అక్కడి ప్రమాదానికి మూలం. నది ఉత్తరానికి పారుతుంది. వసంతం మాత్రం దక్షిణాన ముందుగా వస్తుంది. ఎగువను కరిగిన నీరు, విరిగిన మంచుపలకలు దిగివచ్చేసరికి దిగువను నది ఇంకా గడ్డకట్టియే ఉంటుంది. పలకలు ఒకదానిపై ఒకటి పేరుకొని ఆనకట్టవలె నిలుస్తాయి. నీరు ఊళ్ళపైకి పొంగుతుంది. 2021 మే మాసంలో ఫోర్ట్ సింప్సన్ ప్రజలు ఇట్టి వరదకే ఇళ్ళు విడువవలసి వచ్చినది.

వర్తకుల కోట పేరు సంగమాన్ని తెలుపదు. పూర్వుల పేరు తెలుపుతుంది. గ్రేట్ బేర్ నది కలిసే చోటి ఫోర్ట్ నార్మన్ 1996లో తిరిగి ‘తులీత’ అయినది. ‘నీళ్ళు కలిసే చోటు’ అని దాని భావం. 2012లో పెద్దనదిపై తెరచిన వంతెనకు దేచో అనే పేరే పెట్టినారు. పటంలో మెకెంజీ నిలిచియే ఉన్నాడు. ఆయన సరసన ఇప్పుడు నది తన పాతపేరుతో కూడ పలుకుతున్నది.