'మా ఎంట ఎందుకొస్తున్నవ్?'

సముద్రపు ఒడ్డున వానరసేన విడిది చేసి ఉంది. శరణు కోరుతూ విభీషణుడు వచ్చాడు. శత్రువు తమ్ముడు, నమ్మొద్దన్నాడు సుగ్రీవుడు. చేర్చుకోవచ్చన్నాడు హనుమంతుడు. రాముడు అభయమిచ్చాడు. మంచి చెప్పబోయి అన్నచేత అవమానం పాలయ్యాడు కాబట్టి విభీషణుడు వచ్చాడు. అతనికి లంక గుట్టుమట్లన్నీ తెలుసు కాబట్టి వీళ్లకూ పనికొచ్చాడు. కథ సగంలో కొత్త పాత్ర రావాలంటే ఇలా రెండువైపులా కారణం ఉండాలి. బల్ల చుట్టూ కూర్చుని పాత్రలుగా మారి ఆడే ఆటలకూ ఇదే సూత్రం!

ఈ ఆటలకు పెద్దన్న 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే అమెరికన్లు 1974లో దీన్ని తెచ్చారు. ఒకరు కథ నడిపిస్తారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర. గోడ దూకితే కాలు విరుగుతుందా, దక్కుతుందా... ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. గెలుపోటములు లేవు. అందరూ కలిసి కథ అల్లడమే ఆట.

చిక్కల్లా సెలవులకు పిన్ని కూతురు దిగినప్పుడే. కథ అప్పటికే సగం నడిచింది. 'సత్రంలో ఒకమ్మాయి కనిపించింది, వెంట తీసుకెళ్లారు' అని కలిపేస్తే ఆమె ఆ పూటంతా చేతులు కట్టుకుని కూర్చుంటుంది. తానెందుకు వెళ్తోందో తెలియని పాత్రకు మాటలెక్కడివి? రెండోరోజు ఆ పిల్ల ఆటకే రాదు.

గద్వాల నుంచి తిరుమలకు...

మనకు తెలిసిన కథనే తీసుకుందాం. తిరుమల బ్రహ్మోత్సవాలకు గద్వాల నేతగాళ్లు దీక్షబూని 'ఏరువాడ జోడు పంచెలు' నేస్తారు. సంస్థానాధీశుల కాలం నుంచీ వస్తున్న ఆచారమిది. ఆ కాలంలో పంచెల మూట పట్టుకుని ముగ్గురు కాలినడకన బయల్దేరారనుకోండి. మగ్గం ఇంటి కుర్రాడు, కోట కావలివాడు, 'విద్వద్గద్వాల'లో సన్మానం పొంది వస్తున్న అవధాని. ఆలంపురం దాటాక తుంగభద్ర అడ్డం వచ్చింది. అక్కడ పుట్టి నడిపే అమ్మాయి మన కొత్త పాత్ర.

ఆమె ఏరు దాటించింది. కూలి పుచ్చుకుంది. మరి వెనక్కి ఎందుకు పోదు? దీనికి జవాబు దొరికితే సగం ఆట గెలిచినట్టే.

మూడు ముడులు

మొదటి ముడి గమ్యంతో. అమ్మ కట్టిన ముడుపు కొండకు చేర్చాలి. అడవి దారిలో ఒంటరిగా పోలేదు. వాళ్లూ అక్కడికే పోతున్నారు.

రెండోది మనిషితో. మగ్గం కుర్రాడు ఎప్పుడో ఇల్లు విడిచిపోయిన ఆమె మేనమామ కొడుకు. అతనికి తెలియదు, ఆమెకు తెలుసు!

మూడోది అవసరంతో. మూట కోసం వెంటపడుతున్న దొంగలే నిన్న ఆమె పుట్టిని తగలబెట్టారు. బతుకుతెరువు పోయింది. తగవు ఒకటే అయింది.

ఒక్క ముడి చాలు. రెండు పడితే ఇంకా గట్టి. అయితే అది ఒక్కపూటలో తీరిపోకూడదు. దొంగలు మర్నాడే దొరికితే మళ్లీ 'నేనెందుకు?' అన్న ప్రశ్నే!

ఇక అవతలివైపు. ముగ్గురిలో ఒకరు 'మా ఎంట ఎందుకొస్తున్నవ్?' అని తప్పక అడగాలి. వీధి భాగవతాల్లో చూడండి. కొత్త వేషం రాగానే ఎవరు, ఏ ఊరు, ఏం పనిమీద రాక అని ఆరా తీస్తారు. వేషం ఆడుతూ పాడుతూ చెప్పుకుంటుంది. చూసేవాళ్లకూ సంగతి తెలుస్తుంది. ఇక్కడా అంతే. ఆమె తన అవసరం చెప్పాలి, తన పనితనమూ చూపాలి. ఏటి లోతు, అవతలి ఒడ్డు మనుషులు, కర్నూలు దారి ఆమెకు తెలిసినంతగా ఆ ముగ్గురికీ తెలియవు.

ఇవి వద్దు

'నాకెవరితో పనిలేదు' అనే ఒంటరి వీరుడు సినిమాకు బాగుంటాడు, బల్ల దగ్గర కాదు. అతన్ని బతిమాలడానికే ఆట సరిపోతుంది. తోటివాళ్ల మూటే కాజేయాలనే రహస్యమూ వద్దు. అలిగేది పాత్రలు కాదు, పిల్లలు. కథ దక్షిణానికి పోతుంటే ఉత్తరాన పగ తీర్చుకోవాలనుకునే పాత్రనూ ముందే మార్చుకోవాలి.

ఇదంతా కథ నడిపేవారి బాధ్యతేనా? కాదు. వచ్చే పిల్ల ఒక కారణం తెచ్చుకోవాలి. పాతవాళ్లు ఒక ఖాళీ చూపాలి. ఆట మొదలవకముందు పది నిమిషాలు కూర్చుని మాట్లాడుకుంటే రెండూ కుదురుతాయి. 'నీకేం కావాలి? మాలో ఎవరితో పని? మాకేం చేసిపెడతావు?' ఈ మూడూ అడిగితే చాలు. నాలుగో మాట ఆ పిల్లే అందుకుంటుంది!